పెద్దోడి బరువు, ఈరమ్మ మూర

2018 ఆగస్టులో నన్ను కమలాపురం వైపు నుంచి ఆలూరు వైపు ఒక పల్లె పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా జూనియర్ వెటర్నరీ ఆఫీసర్. పేరులో ఆఫీసర్ ఉన్నా మేము డాక్టర్లం కాము. డాక్టరు అంటే వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్, అయిదేళ్ళ డిగ్రీ చదివినవారు. మేము ఇంటర్మీడియట్ తర్వాత శాఖ ఇచ్చే శిక్షణ పొంది చేరినవాళ్ళం. టీకాలు వేయడం, పుండ్లకు కట్టు కట్టడం, శస్త్రచికిత్సలో డాక్టరుకు సాయం చేయడం, రిజిస్టర్లు రాయడం మా పని. ఊళ్ళో మమ్మల్ని కూడా డాక్టరనే పిలుస్తారు. అసలు డాక్టరు వచ్చిన రోజు మాత్రం కాంపౌండర్ అంటారు.

మా ఆస్పత్రికి డాక్టర్ సుజాత గారు ఇన్‌చార్జి. రెండు ఆస్పత్రులు చూడవలసి ఉన్నందున వారానికి మూడు రోజులే మా దగ్గరికి వచ్చేవారు. మిగతా రోజులు ఫోన్లో చెప్పేవారు, నేను చేసేవాణ్ణి.

పశువులకు ఇచ్చే మందులో చాలావరకు బరువును బట్టి మోతాదు ఉంటుంది. పల్లె ఆస్పత్రిలో పశువును తూచే కాటా ఉండదు. అందుకని టేపుతో కొలిచి బరువు కడతాం. ముందుకాళ్ళ వెనక, గుండె చుట్టూ టేపు తిప్పి చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోవాలి. భుజం మొన నుంచి పిర్ర ఎముక మొన దాకా పొడవు తీసుకోవాలి. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చవేసి, ఆరువందల అరవైతో భాగిస్తే కిలోలు వస్తాయి. డెబ్భై రెండు అంగుళాల చుట్టుకొలత, యాభై ఎనిమిది అంగుళాల పొడవు ఉన్న ఎద్దు ఈ లెక్కన నాలుగువందల యాభై అయిదు కిలోలు.

ఆ ఆరువందల అరవై ఎక్కడి నుంచి వచ్చిందో శిక్షణలో ఎవరూ చెప్పలేదు. అడిగితే పుస్తకంలో ఉంది అన్నారు. నాకు ఆ జవాబు చాలలేదు. కమలాపురం దగ్గర పనిచేసేటప్పుడు బండల లారీలు తూచే వేబ్రిడ్జి ఒకటి ఉండేది. దాని యజమానిని బతిమాలి, అటువైపు వచ్చిన పశువులను ముందు టేపుతో కొలిచి, తర్వాత కాటా మీద నిలబెట్టి రాసుకున్నాను. మూడేళ్ళలో నలభై ఒక్క పశువులు అయ్యాయి. మన వైపు మూపురం గొడ్లకు ఆ లెక్క నూటికి నాలుగు పాళ్ళు అటూ ఇటూగా నిలుస్తుందని అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. గణితం నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పకపోవడం వల్లనే దాని మీద మోజు ఎక్కువ.

ఈ మోజు తెలిసినవాళ్ళు నాకు ఫోన్లో బొమ్మలు పంపేవారు. ఏదో దేశంలో రైతు పక్కన నిలబడిన ఆరున్నర అడుగుల ఎద్దు, నదిలోంచి పదిమంది ఎత్తి పట్టుకున్న చేప, రోడ్డుకు అడ్డంగా పడుకున్న పాము. ఇంత పెద్దవి నిజంగా ఉంటాయా సార్ అని అడిగేవారు. కొన్ని ఉంటాయి. అయితే నేను మొదట జంతువును చూడను, పక్కన ఉన్న మనిషి పాదాలు చూస్తాను. చాలా బొమ్మల్లో మనిషి జంతువుకు రెండు గజాలు వెనక నిలబడి ఉంటాడు. మా జిల్లాల్లో కూడా ఇదే వ్యవహారం. నందికొట్కూరు దగ్గర కాలువలో మనిషంత వాలుగ చేప పడిందన్నారు. వెళ్ళి కొలిస్తే నాలుగడుగుల మూడంగుళాలు. కమలాపురం దగ్గర పదహారడుగుల కొండచిలువ అన్నారు. అది తొమ్మిదిన్నర. భయమైనా ప్రేమైనా మనిషి కళ్ళు కొంత కలిపే చూస్తాయి. దాన్ని తీసివేయడం నా ఉద్యోగంలో భాగమని నేను అనుకునేవాణ్ణి.

ఆ ఏడాది నవంబరు నెలలో ఒక ఉదయం నాగప్ప అనే ముసలాయన ఆస్పత్రికి వచ్చాడు. డెబ్భై ఏళ్ళకు దగ్గర మనిషి. పూర్వం మగ్గం నేసిన కుటుంబం. మగ్గం వదిలి నాలుగెకరాల సేద్యంలోకి దిగి ముప్పై ఏళ్ళయింది.

"సార్, మా పెద్దోడు వారం దినాల్నుంచి తల ఇదిలిస్తాండాడు. ఒక పక్క ముక్కులోంచి చీము మాదిరి కారుతాండాది" అన్నాడు.

ఆయన కొడుకు గురించి చెబుతున్నాడనుకుని ఆదోనిలో మనుషుల ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"మా పెద్దోనికి కొమ్ములుండాయప్పా."

వెంట వెళ్ళాను. పెద్దోడు తెల్లటి ఎద్దు, పన్నెండేళ్ళ వయసు. నేను అయిదడుగుల ఆరంగుళాల మనిషిని. పక్కన నిలబడితే దాని మూపురం పైభాగం నాకు కనిపించలేదు. కొట్టం దూలానికి మూపురం గీరుకుంటుందేమో అన్నంత ఎత్తు. చిన్నప్పుడే విత్తులు కొట్టిస్తే ఎముక ఎదుగుదల ఆలస్యంగా ఆగి ఎద్దు పొడుగు పెరుగుతుంది. లోకంలో పెద్దవని పేరుపడ్డ ఎద్దుల్లో ఎక్కువ అటువంటివే. ఎక్కువచోట్ల వాటిని అంతకాలం బతకనివ్వరు. ఇక్కడ బతకనిచ్చారు, అంతే తేడా. దానికి సరిజోడు ఏ సంతలోనూ దొరకలేదు. వేరే ఎద్దుతో కలిపి కాడి కడితే ఒకవైపుకు ఒరిగిపోయేది. అందుకని అది ఏనాడూ సేద్యం చేయలేదు. ఏరువాక పున్నమి నాడు ఊరేగింపులో అన్నిటికన్నా ముందు నడవడం ఒక్కటే దాని పని.

"పనికి రాదు, తిండి మాత్రం రెండు జోడ్లకు తింటాడు. నా మాదిరే" అన్నాడు నాగప్ప.

"నీకన్నా వాడు మేలు. కూడు బాగలేదని సణగడు" అంది కొట్టంలోంచి ఒక గొంతు. ఆమె నాగప్ప భార్య ఈరమ్మ. చిన్న మనిషి. ఎద్దు మెడ కింద వంగకుండా నిలబడి దాని గంగడోలు నిమురుతోంది. పుట్టిన మూడో రోజే తల్లి ఆవు చచ్చిపోతే మేకపాలు సీసాతో పట్టి పెంచింది ఆమే.

కుడి కొమ్ము మొదలు పట్టుకుని చూశాను. వేడిగా ఉంది. కొమ్ము కొద్దిగా కిందికి వాలింది. వేలితో తట్టితే ఎడమ కొమ్ము గుల్లగా మోగింది, కుడిది మోగలేదు. కొమ్ము లోపల బోలుగా ఉండాలి. మోగలేదంటే లోపల ఏదో పెరిగి నిండింది. మర్నాడు సుజాత గారు వచ్చి చూసి కొమ్ము క్యాన్సర్ అని నిర్ధారించారు. మన దేశపు ఎద్దుల్లో ఇది కొత్త రోగం కాదు. కొమ్మును మొదలంటా కోసి తీసేస్తే చాలావరకు బతుకుతాయి. తీయకపోతే అది పుర్రెలోకి దిగుతుంది. ఆవిడ మూడు వారాల్లో ఆపరేషన్ అన్నారు.

"మత్తు సూది ఏస్తారు కదమ్మా, మళ్ళా లేస్తాడా?" అని నాగప్ప అడిగాడు.

సుజాత గారు దాచకుండా చెప్పారు. మత్తు తక్కువైతే రంపం పెట్టినప్పుడు ఎద్దు తల విదిలిస్తుంది, మనుషులకూ దానికీ ప్రమాదం. మత్తు ఎక్కువైతే ఎక్కువసేపు పడి ఉంటుంది. ఇంత పెద్ద ఒళ్ళు ఎక్కువసేపు ఒక పక్కన పడి ఉంటే దాని బరువే దాని ఊపిరిని నొక్కుతుంది, కింద పడ్డ కాళ్ళు మొద్దుబారతాయి, కడుపులో గాలి నిండుతుంది. మత్తుకు విరుగుడు మందు అప్పట్లో మా దగ్గర లేదు.

"లేవని ఎద్దును లేపే మందు నా దగ్గర లేదు తాతా. అందుకే దాని బరువు నాకు సరిగ్గా కావాలి" అన్నారు.

"అది తెలిసిందే కదమ్మా. పద్దెనిమిది క్వింటాళ్ళు" అన్నాడు నాగప్ప.

దసరాకు ముందు ఫోన్లో వీడియోలు పెట్టేవాళ్ళు ఇద్దరు వచ్చి, పెద్దోడికి టేపు చుట్టి, ప్రపంచంలోకెల్లా అతి పెద్ద ఎద్దు, పద్దెనిమిది వందల కిలోలు అని చెప్పి పోయారట. ఆ వీడియో నేనూ చూశాను. టేపు మూపురం మీదుగా వేశారు. తర్వాత అంకె నోటికి వచ్చింది చెప్పారు. ఆ అంకెతో మందు వేస్తే ఆ ఎద్దు లేవదు. ఇది వెంటనే నాగప్పకు చెప్పి, నా టేపు బయటికి తీశాను.

ఈరమ్మ నాకూ ఎద్దుకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"అది జోబీలో పెట్టుకో నాయినా. వాళ్ళు కొలిసిపోయినాకనే వానికి కొమ్ము వాసింది. ఇంగొకతూరి కొలిస్తే మనిషి మిగల్డు."

కొలిచి అంకె చెప్పడం దిష్టి పెట్టడమే అని ఆమె నమ్మకం. ఆ ఊళ్ళో చాలామందిదీ అదే. ఈ జబ్బు కొలతకు ఎన్నో నెలల ముందే లోపల మొదలై ఉంటుందని చెప్పాను. ఆమె విన్నది. "నువ్వు సదువుకున్నోనివి, నీకట్ల కనపడతాది. నాకు ఇట్ల కనపడతాండాది" అంది. కోపం లేకుండానే అంది.

ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో పత్తి లారీలు తూచే వేబ్రిడ్జి ఉంది, అక్కడికి నడిపించుకుపోదామన్నాను. ఈసారి నాగప్ప అడ్డుపడ్డాడు.

"కాటా ఎక్కేది కటికోని దగ్గరికి పోయే గొడ్లే సార్. నాగప్ప పెద్దోన్ని అమ్మేసినాడంటారు ఊర్లో. అన్నా అననీ. వాడు గూడా అట్లనే అనుకుంటాడు కదా, అది శానా కష్టం."

వేరే దారి కోసం వాళ్ళింటి చుట్టూ రెండు రోజులు తిరిగాను. మూడో రోజు ఈరమ్మే దారి చూపింది. ఏటా ఏరువాకకు పెద్దోడికి నడుము చుట్టూ కట్టే నూలు పట్టీ ఆమె స్వయంగా నేస్తుంది. దానికోసం నూలు దారంతో కొలుస్తుంది. కొలిచాక ఆ దారాన్ని ఎవరికీ దొరకకుండా పొయ్యిలో వేసేస్తుంది. పెంచిన చెయ్యి కాబట్టి ఆమె కొలిస్తే దిష్టి తగలదు.

"యాడ కొలవాలో సూపియ్యి. నేను కొలిసి నీకొక్కనికే చెప్తా. గట్టిగా మాత్రం అనొద్దు" అంది.

కొలత కోసం ఆమె నన్ను ఎద్దు మీద చెయ్యి వేయనివ్వదు కాబట్టి నాగప్పను వంచి నిలబెట్టి, భుజం ఎక్కడ, పిర్ర ఎముక ఎక్కడ, గుండె చుట్టు ఎక్కడ అని ఆయన ఒంటి మీద చూపించాను. "ఇదేంది సార్, నన్ను గూడా కోస్తారా ఏంది" అని ఆయన నవ్వాడు. ఈరమ్మ కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి ఇంట్లో పొయ్యి వైపు నుంచి దారం కాలిన వాసన వచ్చింది. బయటికి వచ్చి నా చెవిలో చెప్పింది. చుట్టు అయిదున్నర మూరలు. పొడుగు నాలుగున్నర మూరలు.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. మూర అంటే పద్దెనిమిది అంగుళాలు. నా చిన్నప్పటి ఎక్కాల పుస్తకం వెనక అట్ట మీద ఉండేది. రెండు జానలు ఒక మూర, రెండు మూరలు ఒక గజం. అయిదున్నర మూరలు తొంభై తొమ్మిది అంగుళాలు. నాలుగున్నర మూరలు ఎనభై ఒకటి. బరువు వెయ్యిన్ని రెండువందల మూడు కిలోలు.

దేశవాళీ ఎద్దు వెయ్యి కిలోలు దాటడం నేనెప్పుడూ చూడలేదు. ఆ అనుమానం ఒక్క క్షణం వచ్చింది. ఇలాంటి ఎద్దును కూడా ఎప్పుడూ చూడలేదు కదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. నిజానికి నాకు ఆనందంగా ఉంది. పద్దెనిమిది వందలను పన్నెండు వందలకు దించాను. టేపు తగలకుండా, కాటా ఎక్కించకుండా కిలోతో సహా చెప్పగలిగాను. ఫోన్లో చెబితే సుజాత గారు, "మీ లెక్క ఉంటే నాకు ధైర్యం" అన్నారు. కేసు షీటులో బరువు గడిలో 1,203 అని రాసి సంతకం చేశాను.

ఆస్పత్రి ముందు పశువును నిలబెట్టి కట్టే ఇనుప పైపుల చట్రం ఒకటి ఉంటుంది. పెద్దోడు అందులో పట్టడు. కాబట్టి ఆపరేషన్ నాగప్ప కళ్ళంలోనే. డిసెంబరు రెండో వారంలో ఒక ఉదయం ఏడు గంటలకు ముహూర్తం. అంతకు ముందు ముప్పై గంటలు మేత బంద్, సాయంత్రం నుంచి నీళ్ళు బంద్. కడుపు నిండా ఉన్న నెమరువేసే పశువుకు మత్తు ఇస్తే లోపలి మేత గొంతులోకి వచ్చి ఊపిరి ఆడదు. ఆ రాత్రంతా ఈరమ్మ కూడా ఏమీ తినలేదని తర్వాత తెలిసింది. వంకలోంచి ఇసుక తెచ్చి అడుగు మందాన పరుపులా పోశారు. పది మంది మనుషులు, నాలుగు మోకులు సిద్ధం.

సుజాత గారు సూదిలోకి మందు ఎక్కించి పళ్ళెంలో పెట్టారు. నొప్పి ఎక్కువ ఉండే కోత కాబట్టి హద్దుకు దగ్గరి మోతాదే ఎంచుకున్నారు. లెక్కకు మూడు మిల్లీలీటర్లు. ఆ తర్వాత కోసిన చోట కట్టడానికి పొడుగైన ఉతికిన గుడ్డ కావాలన్నారు. రెండో కొమ్ముకు చుట్టి కట్టాలి కాబట్టి మూడు మూరలన్నా ఉండాలన్నారు. ఈరమ్మ ఇంట్లోంచి తెల్ల పంచె తెచ్చి, మోచేతి నుంచి వేలి కొస దాకా పెట్టి కొలవసాగింది.

"ఆయమ్మ మూర నమ్మొద్దండి మేడమ్" అన్నాడు నాగప్ప. "మగ్గం నేసినప్పుడు ఆయమ్మ కొలిసిన గుడ్డకు సావుకారి ఎప్పుడూ కొట్లాటకొస్తాండె. మీ మూర ఎయ్యండి. ఆయమ్మ మూరకైతే నాలుగు పెట్టుకోవాల."

"నా మూరకేమొచ్చింది? నా చెయ్యి నా అంతే ఉంటాది" అంది ఈరమ్మ కొలుస్తూనే.

అందరూ నవ్వారు. నేను కత్తెరలు సర్దుతున్నవాణ్ణి ఆగిపోయాను. ఆమె చెయ్యి చూశాను. గాజుల దగ్గర నా మూడు వేళ్ళ వెడల్పు కూడా లేదు. మోచేయి నుంచి వేలి కొస దాకా నా చేతి పక్కన పెడితే నా మధ్యవేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయేట్టు ఉంది.

"మేడమ్, సూది వేయొద్దు. నా లెక్క తప్పింది" అన్నాను.

పది మంది మోకులు పట్టుకుని చూస్తున్నారు. సుజాత గారు ఏమిటని అడిగారు. మూర అన్నాను. ఆవిడకు అర్థం కావడానికి ఒక్క క్షణమే పట్టింది. ఎంతసేపు కావాలన్నారు. రెండు నిమిషాలు అన్నాను.

ఈరమ్మ దగ్గరికి వెళ్ళి, ఆమె చెయ్యి కొలవాలని చెప్పాను. ఎద్దు విషయంలో ఆమె అన్న మాట గుర్తుండి, ఒప్పుకుంటేనే అని కూడా అన్నాను. ఆమె ఫక్కున నవ్వింది.

"నన్నా కొలిసేది? కొలుసుకో నాయినా. ఈ పుల్లకు ఎవురి దిష్టి తగుల్తాది!"

చెయ్యి చాపింది. గాజులు పైకి తోసుకుంది. దారం పట్టి పట్టి ఆమె చూపుడు వేలు పక్కన కాయ కాసింది. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా టేపు పెట్టాను. పదహారున్నర. మళ్ళీ పెట్టాను. పదహారున్నర.

నాగప్ప తొంగి చూశాడు. "యాభై ఏండ్ల నుంచి కాపురం చేస్తాండా, ఈ చెయ్యి ఎంత పొడుగో ఈ పొద్దు తెలిసె నాకు" అన్నాడు. గొంతులో వేళాకోళం తక్కువ.

సూదుల డబ్బా అట్ట వెనక లెక్క వేశాను. చుట్టుకొలత తొంభై ముక్కాలు అంగుళాలు. పొడవు డెబ్భై నాలుగుంపావు. బరువు తొమ్మిదివందల ఇరవై ఆరు కిలోలు. నేను రాసినదానికి రెండువందల డెబ్భై ఏడు తక్కువ. మూరకు ఒకటిన్నర అంగుళం అంటే పన్నెండో వంతే. కానీ ఈ లెక్కలో మూర మూడుసార్లు హెచ్చవుతుంది, చుట్టుకొలతలో రెండుసార్లు, పొడవులో ఒకసారి. పన్నెండో వంతు పొట్టి చెయ్యి నాలుగో వంతుకు దగ్గరగా బరువు తగ్గిస్తుంది. జంతువుల పొడవు గురించి కొంచెం కలిపి చెప్పినా బరువు కొండంత కావడానికి కారణం ఇదేనని నేను ఎందరికో చెప్పి ఉన్నాను.

సుజాత గారు నా అట్ట తీసుకుని, తాను కూడా ఒకసారి ఫోన్లో లెక్క చూసుకున్నారు. తర్వాత సూది పైకెత్తి, ప్లంజర్‌ను నెమ్మదిగా నొక్కి, ముప్పాతిక మిల్లీలీటరుకు కొంచెం తక్కువ మందు ఇసుకలోకి వదిలేశారు.

తర్వాతిది మామూలు పద్ధతి. మత్తు ఎక్కాక మోకులతో ఎద్దును ఎడమ పక్కకు ఇసుకలోకి దించాం. కొమ్ముకు పోయే నరం దగ్గర వేరే సూది వేశారు. చర్మాన్ని రెండు రెక్కలుగా కోసి వెనక్కి మడిచి, మెలితిప్పిన తీగ రంపంతో కొమ్మును మొదలంటా కోశారు. లోపల కాలీఫ్లవర్ పువ్వులాంటి మెత్తని కండ. పుర్రెలోకి ఇంకా దిగలేదు. ఆ పనిలో నా వంతు రక్తనాళాలు పట్టడం, నిమిషానికి ఊపిరి ఎన్నిసార్లో లెక్కపెట్టి గట్టిగా చెప్పడం. యాభై నిమిషాల్లో చివరి కుట్టు పడింది. పెద్దోడు కదల్లేదు. గుడ్డ చుట్టడానికి ఈరమ్మ మూరతో నాలుగు పట్టింది.

ఆపరేషన్ అయ్యాక ఎద్దును రొమ్ము మీద కూర్చోబెట్టి రెండు పక్కలా ఇసుక మూటలు ఆనించాం. అలా కూర్చుంటే ఊపిరి ఆడుతుంది, కడుపులో గాలి బయటికి పోతుంది. గంటలో లేవాలని సుజాత గారు అన్నారు. గంట దాటింది. చెవులు మాత్రం కదిలాయి. ఎడమ పొట్ట మీద చెయ్యి పెట్టి ఉబ్బుతోందేమో చూస్తూ కూర్చున్నాను. గంటా ఇరవై అయింది. నాగప్ప గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అంతసేపూ దూరంగా కూర్చోమన్నందుకు కూర్చున్న ఈరమ్మ లేచి వచ్చి, సుజాత గారిని అడిగి, ఎద్దు ముఖానికి ఎదురుగా మూడు గజాల దూరంలో నిలబడింది.

"పెద్దోడా, లెయ్యప్పా. పొద్దెక్కింది సూడు. మీ నాయన అటు తిరిగి ఏడుస్తాండాడు, ఊరోళ్ళు నవ్వుతారు. లెయ్యి, రోంత జొన్న సొప్ప పెడతా. లేస్తావా, నన్నే వచ్చి లేపమంటావా?"

ఎద్దు తల ఎత్తింది. పశువు లేచేటప్పుడు వెనక కాళ్ళే ముందు లేస్తాయి. పెద్దోడి వెనక భాగం సగం దాకా లేచి మళ్ళీ కూలింది. రెండోసారి కూడా కూలింది. ఎవరూ దగ్గరికి పోవద్దని సుజాత గారు చెయ్యి అడ్డుపెట్టారు. మూడోసారి వెనక కాళ్ళు నిలిచాయి, ముందు మోకాళ్ళ మీద కాసేపు ఆగి, మొత్తం పైకి లేచింది. నిలబడి ఊగింది. ఈరమ్మ అప్పటికే దాని గంగడోలు కింద ఉంది. గడియారం చూశాను. మత్తు సూది వేసినప్పటి నుంచి రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు.

చేతులు కడుక్కుంటూ సుజాత గారు నాతో ఒక్క మాటే అన్నారు. "ఇసుకలో పోసిన మందు కూడా లోపల ఉండి ఉంటే..."

నాగప్ప కళ్ళు తుడుచుకుని వచ్చి, చివరికి ఎంత తూగాడని మెల్లగా అడిగాడు. తొమ్మిదివందల ఇరవై ఆరు అని ఆయన చెవిలోనే చెప్పాను.

"సగానికొచ్చినాడే!"

నేను చూసిన ఎద్దులన్నిటిలోనూ ఇదే పెద్దదని చెప్పాను. అది నిజం. అయినా ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది.

"ఎంతుంటే ఏమి, లేసినాడు కదా" అంది ఈరమ్మ అటునుంచే. "నీ మాదిరి కూసోనిలేడు కదా."

ఆస్పత్రికి వచ్చి కేసు షీటు తీశాను. రికార్డులో తప్పు అంకెను చెరిపేయకూడదు, దాని మీద తెల్ల రంగు పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, కారణం రాసి సంతకం పెట్టాలి. 1,203 మీద గీత కొట్టి 926 రాశాను. కారణం: మూర పొడవు సరిచూడకపోవడం. సుజాత గారు కింద సంతకం చేశారు. మూడు నెలల తర్వాత తనిఖీకి వచ్చిన అసిస్టెంట్ డైరెక్టర్ గారు, కేసు షీటులో మూర ఏమిటయ్యా అన్నారు. నిలబడి మొత్తం చెప్పాను. ఆయన చదివి, ఏమీ రాయకుండా పేజీ తిప్పారు.

పుండు అయిదు వారాల్లో మానింది. మరుసటి ఏరువాకకు పెద్దోడు ఒంటికొమ్ముతో ఊరేగింపు ముందు నడిచాడు. మోకాలు దెబ్బతిని 2021లో నేను ముందుగానే పదవీ విరమణ తీసుకునే నాటికి ఆ రోగం తిరగబెట్టలేదు. ఆ ఎద్దు ఎప్పుడూ కాటా ఎక్కలేదు. కాబట్టి తొమ్మిదివందల ఇరవై ఆరు కూడా నా లెక్కే తప్ప తూకం కాదు. నూటికి నాలుగు పాళ్ళు తప్పు అందులోనూ ఉండవచ్చు.

విరమణకు ముందు రెండేళ్ళు కొత్తగా చేరిన పశుసంవర్ధక సహాయకులకు టేపు కొలత నేర్పే పని నాకు అప్పగించారు. మొదటి రోజు పశువు దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి కాదు. ఎవరి మూర వాళ్ళు కొలుచుకోమనేవాణ్ణి. ఒక జట్టులో పంతొమ్మిది మందిలో పద్దెనిమిది అంగుళాలు వచ్చింది ముగ్గురికే. రైతు కొలత చెప్పినప్పుడు, ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు అని అడిగి, ఆ తర్వాతే అంకె రాయమని వాళ్ళకు చెప్పాను.

ఈరమ్మ నాకు తప్పు కొలత చెప్పలేదు. తన చేతితో సరిగ్గా కొలిచి, సరిగ్గా చెప్పింది. ఆమె చెయ్యి ఎంత పొడుగని అడగవలసింది నేను. పద్దెనిమిది రోజుల పాటు అడగలేదు.